అయిదు పాయింట్లు వచ్చేదాకా

కిడ్నీ జబ్బుతో కునారిల్లే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అయిదు అంకెకి ఉన్న విలువ ఇంకెక్కడా లేదు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో రక్తపరీక్ష చీటీ చేతికందగానే ముందు వెతికేది క్రియాటినిన్ ఎన్ని పాయింట్లుందనే. ఆరోగ్యవంతులకు ఒకటికి కాస్త అటూ ఇటూ ఉండే ఆ లెక్క అయిదు దాటితే, డయాలసిస్ మొదలు కాకపోయినా ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తుంది. నాలుగున్నర దగ్గర ఆగితే ఆ అంకె మీద రూపాయి రాదు. కొబ్బరిచెట్టెక్కి దింపు తీసేవాడికి మూడు పాయింట్ల దగ్గరే నీరసం కమ్మేసి, ఆయాసంతో చెట్టు దిగిపోయే రోజు రావచ్చు. మూడుకీ అయిదుకీ మధ్య ఏళ్లు పట్టవచ్చు. ఆ ఏళ్లన్నీ అతను ఆసుపత్రి రికార్డులో రోగి, పింఛను జాబితాలో ఎవరూ కాడు.

ముందుగా ఇవ్వాల్సిన మెప్పు ఇచ్చేద్దాం. 2024 జూన్‌లో వచ్చిన 43వ నంబరు జీవోతో దివ్యాంగుల పింఛను 3 వేల నుంచి 6 వేలైంది. పక్షవాతంతో, ప్రమాదంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లది 5 వేల నుంచి 15 వేలకు పెరిగింది. డయాలసిస్‌కు ముందు దశ కిడ్నీ రోగులకు 5 వేలున్నది 10 వేలైంది. కేంద్రం ఇందిరాగాంధీ వికలాంగుల పింఛను కింద ఇచ్చేది నెలకు 300. అదీ 80 శాతం వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికే. ఇతరులకిచ్చే మొత్తం కంటే దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అంటే, వృద్ధులకు 4 వేలిస్తున్న రాష్ట్రం వీళ్లకు దాన్ని మించే ఇస్తోంది. కాబట్టి పేచీ మొత్తం గురించి కాదు, గుమ్మం గురించి.

గుమ్మాలు రెండు. మొదటిది సదరం, అంటే వైకల్య ధ్రువీకరణ. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకుని, ఆ రోజుకి శిబిరం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు ముందు నిలబడి పర్సంటేజీ వేయించుకోవాలి. 40 శాతం వస్తే పింఛనుకు దారి తెరుచుకుంటుంది, 39 వస్తే ఇంటిదారే. హైదరాబాద్‌లో సెంట్రింగు పనికి పోయి సారువ మీంచి పడ్డ చీపురుపల్లి కూలీని తీసుకోండి. తుంటి ఎముక అతికింది, కాలు కాస్త పొట్టిదైంది. కాగితం మీద అది 30 శాతం దగ్గర తేలవచ్చు. ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కడం మాత్రం ఇక జన్మలో కుదరదు. గుమాస్తాకి అది కుంటు, కూలీకి అది ఉద్యోగం పోవడం. సదరం శిబిరంలో కాలి కదలికను కొలుస్తారు గానీ, ఆ కాలితో ఏ పని చేసేవాడివన్న ప్రశ్న మీద పర్సంటేజీ ఆధారపడదు.

రెండో గుమ్మం జబ్బులది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీల్లో కనిపించే సికిల్ సెల్ వాటిలో ఉంది. కిడ్నీ వైఫల్యం లేదు. కాబట్టి ఉద్దానం రోగికి సదరం పర్సంటేజీ లేదు, రాష్ట్రం విడిగా పెట్టిన వైద్య పింఛనే దిక్కు. దాని షరతులు చూడండి: క్రియాటినిన్ అయిదు దాటాలి, లేదా కిడ్నీల వడపోత వేగం చెప్పే జీఎఫ్ఆర్ 15కంటే తగ్గాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోయి ఉండాలి. జీఎఫ్ఆర్ 15కంటే తగ్గడమంటే వైద్యుల లెక్కలో అయిదో దశ, అంటే చివరిది. క్రియాటినిన్ అయిదు దాటినవాళ్లు కూడా దాదాపు అందరూ అదే దశలో ఉంటారు. కిడ్నీలు కుంచించుకుపోతే తప్ప, 15 నుంచి 29 మధ్య ఉండే నాలుగో దశకి చిల్లిగవ్వ లేదు.

ఇంకో చిక్కుంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. కండ తక్కువున్న బక్కపల్చటి ఆడమనిషికి కిడ్నీలు అంతే పాడైనా ఆ అంకె తక్కువ చూపిస్తుంది. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పిక్కలు కొట్టి పొట్టపోసుకునే ఆవిడకి నాలుగు పాయింట్లుంటే, బలంగా ఉన్న మగమనిషి అయిదు పాయింట్లతో సమానమయ్యే అవకాశం ఉంది. జీఎఫ్ఆర్ లెక్కగడితే ఈ తేడా చాలావరకు బయటపడుతుంది. కానీ చీటీ మీద జీఎఫ్ఆర్ వేయకుండా ఒక్క క్రియాటినిన్ ఇచ్చి పంపేస్తే ఆవిడ పక్షాన ఆ లెక్క గట్టేదెవరు?

అన్నిటికంటే ఘోరం ఈ అయిదు పాయింట్ల గీత పనిచేసే తీరు. ఉద్దానం జబ్బుకి మూలకారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లలోని సిలికానా, భారలోహాలా, నొప్పిబిళ్లలా అని పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లో ఇలాంటి జబ్బే కనిపించినప్పుడు ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడం మీద గట్టి అనుమానం వచ్చింది. కారణం ఏదైనా, సగం పాడైన కిడ్నీలకు ఎండపని, నీరు చాలకపోవడం, నొప్పిబిళ్లలు మరింత చేటని ఏ డాక్టరైనా చెబుతాడు. విశ్రాంతి అక్కరకొచ్చేది మూడు, నాలుగు దశల్లో. మన పింఛను మాత్రం ఆ దశల్లో తోటకి పంపి, అయిదో దశకి చేరాక ఇంట్లో కూర్చోమంటుంది. పైగా డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మంచం మీదే. ఆ ఖర్చూ చివరకు ప్రభుత్వానిదే.

జబ్బుతో పనికి దూరమైనవాడిని ముందే ఆదుకోవడం మన చట్టాలకు తెలియని సంగతి కాదు. పైడిభీమవరం మందుల కంపెనీలో నెలకు 21 వేలలోపు జీతంతో ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి ఒంట్లో బాగాలేకపోతే 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. నిబంధనల ప్రకారం అర్హత ఉంటే, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం సహా కొన్ని మొండి జబ్బులకి రెండేళ్ల దాకా 80 శాతం. ఇక్కడ పని చేయగలడా లేదా అన్నదే డాక్టరు తేల్చాల్సింది. అదే జిల్లాలో కొబ్బరిచెట్టెక్కేవాడికి యజమాని లేడు, ఈఎస్ఐ కార్డు లేదు, అందుకని ఆ ప్రశ్న కూడా లేదు.

కోర్టులూ ఈ సంగతి ఎప్పుడో తేల్చాయి. సాలూరు ఘాటెక్కి పోతే వచ్చే జయపురంలో 1968లో ఒక వడ్రంగి సినిమా హాల్లో పనిచేస్తూ కిందపడి ఎడమచెయ్యి మోచేతి పైదాకా పోగొట్టుకున్నాడు. ఇది పాక్షిక వైకల్యమేనన్నది హాలు యజమాని వాదన. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నూటికి నూరుపాళ్లూ పని పోయినట్టేనన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 1975లో ఖాయం చేసింది. 2010లో రాజ్‌కుమార్ కేసులో మరింత వివరంగా చెప్పింది: అవయవ నష్టం శాతం వేరు, సంపాదన నష్టం శాతం వేరు. చెయ్యి పోయిన డ్రైవరునీ గుమాస్తానీ ఒకే తూకం వేయకూడదు. అయితే ఇవి నష్టపరిహారం కేసులు. అటు పక్క యజమానో బీమా కంపెనీయో ఉంటే పనిని లెక్కలోకి తీసుకునే దేశం, ప్రభుత్వమే ఇవ్వాల్సి వచ్చేసరికి అవయవం దగ్గరే ఆగిపోతోంది.

మనవాళ్లు చాలామంది ఉన్న అమెరికాలో ప్రభుత్వ వైకల్య భృతికి జబ్బు ఒక్కటే చూడరు. వయసు, చదువు, అంతకుముందు చేసిన పని కూడా లెక్కేస్తారు. 55 దాటి, చదువు లేక, ఒళ్లొంచే పనే చేసినవాడిని కొత్త పని వెతుక్కోమనడం అర్థంలేనిదని ఆ నిబంధనలు చాలావరకు ఒప్పుకుంటాయి. అలాగని పని సామర్థ్యం కొలవడం తేలికేం కాదు. బ్రిటన్ 2008లో ఈ పరీక్ష మొదలుపెట్టి ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే, పెద్ద సంఖ్యలో నిర్ణయాలు అప్పీళ్లలో తిరగబడ్డాయి. కంపెనీ గడువుకి ముందే తప్పుకుంది. పాయింట్ల పట్టిక ఎవరి చేతిలో పెడతామన్నది చిన్న విషయం కాదు.

దొంగ సర్టిఫికెట్ల మాటా ఎత్తకుండా కుదరదు. దళారులు, డబ్బుకి పర్సంటేజీ రాసిన డాక్టర్లు లేరని ఉత్తరాంధ్రలో ఎవరూ ప్రమాణం చేయరు. 2025లో ప్రభుత్వం పాత సర్టిఫికెట్లను మళ్లీ పరిశీలించి, ఆగస్టు నాటికి లక్షకు పైగా మందికి నోటీసులిచ్చింది. ఆందోళనలు రేగాక అప్పీలుకి అవకాశమిచ్చింది. ఏరివేత తప్పనను. కానీ రెండోసారి వేసిన ప్రశ్నా మొదటిదే: పర్సంటేజీ ఎంత? పని చేసుకోగలిగీ 45 శాతం రాయించుకున్నవాడినీ, 35 శాతంతోనే పనికి దూరమైనవాడినీ ఆ ప్రశ్న వేరు చేయలేదు.

చేయాల్సిన మార్పులు కొన్ని చిన్నవి. సదరం ఫారంలో వృత్తి కాలమ్ పెట్టి, శారీరక శ్రమ మీదే బతికేవాళ్లకి పింఛను అర్హత లెక్కలో దానికి తగ్గ అదనపు శాతం వేయవచ్చు. నాలుగో దశ కిడ్నీ రోగికి పూర్తి 10 వేలు కాకపోయినా, ఆరు నెలలకోసారి పరీక్షించే షరతు మీద సగమైనా ఇవ్వవచ్చు. ధ్రువీకరించడానికి 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉండనే ఉంది. వీటికి అసెంబ్లీ బిల్లు అక్కర్లేదు, జీవో చాలు. పింఛన్లు చూసే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మంత్రి కొండపల్లి శ్రీనివాస్ మన ఉత్తరాంధ్రలోని గజపతినగరం ఎమ్మెల్యేనే. ఇక 21 వైకల్యాల పట్టిక చివర, కేంద్రం నోటిఫై చేసే ఇతర వైకల్యాలు కూడా చేర్చవచ్చని చట్టమే రాసి పెట్టింది. ఆ వాక్యం కింద కిడ్నీ వైఫల్యాన్ని చేర్చమని ఢిల్లీలో అడగాల్సిన బాధ్యత, కేంద్ర మంత్రివర్గంలో ఉన్న శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడిది.