వినాయకుణ్ణి చెయ్యబోయి

మా ఆఫీసులో నన్ను సరదాగా "పోస్ట్‌మాన్" అంటుంటారు. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. అది మెచ్చుకోలు కాదని అర్థం కావడానికి చాలా టైము పట్టింది.

డాలస్‌లో ఓ చిన్న డిజిటల్ ఏజెన్సీలో నా ఉద్యోగం. క్లయింట్లు ఇక్కడ, డిజైనర్లు హైదరాబాదులో, మధ్యలో నేను. ఆమధ్య ఒక ఫర్నిచర్ షాపుకి హోమ్ పేజీ చెయ్యాల్సొచ్చింది. మా డిజైనర్ అమ్మాయి మొదటిసారే చక్కగా చేసింది. కిటికీ పక్కన ఒక్క కుర్చీ, కింద ఒక్క లైను. చూడగానే పోయి కూర్చోవాలనిపించింది.

ఇక మొదలయ్యాయి. మార్కెటింగ్ వాళ్ళు లోగో పెద్దది చెయ్యమన్నారు. సేల్స్ వాళ్ళు డిస్కౌంట్ బ్యానర్ పెట్టమన్నారు. ఇంకొకాయన "కొంచెం పాప్ అవ్వాలి" అన్నాడు. అంటే ఏమిటని నేనూ అడగలేదు. వచ్చినవి వచ్చినట్టే ఫార్వర్డ్ చేసి పడుకునేవాణ్ణి. వేసవిలో మాకూ హైదరాబాదుకీ పదిన్నర గంటల తేడా. ఒక్క సందేహం అడిగితే జవాబు వచ్చేసరికి ఒక రోజు పోతుంది. అందుకని ఆ అమ్మాయి అడగడం మానేసి, ఊహించి చెయ్యడం మొదలుపెట్టింది. 11వ రౌండుకి కుర్చీ ఓ మూలకి పోయింది, బటన్లు 7 అయ్యాయి. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందన్నట్టు! అది చూసి క్లయింటు, "మొదటిదే బాగుంది కదా" అన్నాడు.

ఆ రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, లోగో ఎందుకు పెద్దది చెయ్యాలో వాళ్ళని ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు. మర్నాడు అడిగాను. షాపు ఎక్కడుందో తెలియక జనం ఫోన్లు చేస్తున్నారట. కావలసింది అడ్రసు! లోగో ఎంత పెంచితే ఏం లాభం?

క్లయింటుకి టేస్టు లేదని మా ఫీల్డులో చాలామంది తిట్టుకుంటారు. నేనొప్పుకోను. పేషెంటు వచ్చి ఫలానా మాత్ర రాయమంటాడు. నొప్పి ఎక్కడో అడగాల్సింది డాక్టరే కదా.

"డబ్బులిచ్చేది వాళ్ళు, చెప్పింది చేస్తే పోలా" అనేవాళ్ళున్నారు. చెప్పింది 11 సార్లు చేశాం, ఎవరు సంతోషించారు? పిక్సార్‌లో "బ్రెయిన్‌ట్రస్ట్" అనే పద్ధతి ఉందని ఎడ్ క్యాట్‌మల్ 2014లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. సినిమాలో ఎక్కడ తేడా కొడుతోందో తోటివాళ్ళు మొహమాటం లేకుండా చెబుతారు. ఎలా సరిచెయ్యాలన్నది మాత్రం దర్శకుడికే వదిలేస్తారు.

ఇప్పుడు నేను చేసేది ఇంతే. క్లయింటు వైపు అందరూ ముందు వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాలి, ఒక్కరే నాకు చెప్పాలి. ప్రతి మార్పుకీ కారణం ఉండాలి. కారణం లేనిది హైదరాబాదుకి పంపను. వారానికోసారి మా పొద్దున్న 8 గంటలకి, అంటే అక్కడ సాయంత్రం ఆరున్నరకి, డిజైనర్ కూడా కాల్‌లో ఉంటుంది. రౌండ్లు మూడు నాలుగుకి తగ్గాయి.

కాకపోతే ఆ కాల్‌లో ఉండేది ఆ అమ్మాయి కాదు. తను ఆ నెలలోనే మానేసింది. నాలాంటి పోస్ట్‌మాన్‌లు ఎవరైనా ఉంటే ఒక్క మాట: ఉత్తరం అందించే ముందు చదవండి. అర్థం కాకపోతే రాసినవాళ్ళనే అడగండి.