ఆ పేరా తీసేస్తే ఏమైతది?

దసరాకి బోథ్ పోయినప్పటి సంగతి. మా అక్క బిడ్డ పదో తరగతి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ తెలుగు గైడు బట్టీ కొడుతోంది. ఏం పాఠమే అంటే ‘ఎవరి భాష వాళ్ళకు వినసొంపు’ అంది.

చెప్పొద్దూ, నాకు భలే హుషారొచ్చింది. ఆ పాఠం రాసింది సామల సదాశివ గారు. మా పాత ఆదిలాబాద్ జిల్లా మనిషి. 1928లో దహెగాం మండలం తెనుగుపల్లెలో పుట్టారు. తెలుగు, ఉర్దూ, పార్సీ అన్నీ వచ్చినాయన. హిందుస్తానీ సంగీతం మీద రాసిన ‘స్వరలయలు’కి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, 2012లో పోయారు. తెలంగాణ వచ్చాక కొత్తగా వేసిన పదో తరగతి పుస్తకంలో ఆయన ‘యాది’ నుంచి ఈ వ్యాసం తీసుకున్నారు.

“ఇందుల ఆయనేం చెప్పిండు?” అని అడిగాను. నాలుగు పాయింట్లు టకటకా అప్పజెప్పింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

“మరి తెలుగు ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట నడుమ ఉర్దూలకెందుకు పోయిండు?”

గైడు తిరగేసింది. “గది ఇండ్ల లేదు మామా.” కాసేపాగి, “పెద్దమనిషి కదా, ముచ్చట్ల వడి అటిటు పోయినట్టున్నడు” అంది.

నవ్వొచ్చింది గానీ తప్పు ఆ పిల్లది కాదు. మా కాలంలో “సారాంశము వ్రాయుము” ఒక్కటే ఉండేది. ఇప్పటి పుస్తకాల్లో ‘అవగాహన - ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అని మంచి మంచి శీర్షికలున్నాయి. కానీ పాఠం మొదలవకముందే ‘పాఠం ఉద్దేశం’ అని పెట్టి, ఇది ఎందుకో చెప్పేస్తారు. సస్పెన్సు సినిమా టికెట్టు మీదే హంతకుడి పేరు అచ్చేసినట్టు! పిల్లలు ఇక వెతుక్కోవడానికి ఏం మిగిలింది? రచయిత ఏం చెప్పాడో ముందే తెలిసిపోయింది. ఆ మాట దాకా మనల్ని ఏ దారిన తీసుకొచ్చాడో మాత్రం ఎవరూ అడగరు.

మన పనిలో అలా కుదురుతుందా? ఎవడో రాసి, కంపెనీ మారిపోయిన కోడ్ మన నెత్తిన పడుతుంది. మధ్యలో ఒక ఫంక్షన్ ఎందుకుందో అర్థం కాదు. ఏం చేస్తాం? దాన్ని కామెంట్ చేసి రన్ చేస్తాం. ఏది బ్రేక్ అయిందో చూస్తే అది ఎందుకుందో తెలుస్తుంది. సరే, అదే ప్రయోగం ఇక్కడా చేద్దామనిపించింది.

ఉర్దూ గురించి ఉన్న భాగం మీద చెయ్యి అడ్డం పెట్టాను. “ఇది లేదనుకో. మిగిలింది చదువు, ఏమైతదో చూద్దాం.”

చదివింది. “అర్థమైతది గని... మన భాష మంచిగున్నదని మనకు మనమే చెప్పుకున్నట్టుంటది” అంది. చెయ్యి తీశాను. మళ్ళీ చదివింది. ఢిల్లీ, లక్నో వాళ్ళు దక్కనీ ఉర్దూని చిన్నచూపు చూసేవాళ్ళని నేనో మాట అందించాను. అప్పుడు తట్టింది. “అంటే ఇది మనొక్కల లొల్లి కాదన్నట్టు. అన్ని తాన్ల ఉన్నదే.”

అదీ సంగతి! మన భాష ఒక్కదాని గురించే చెప్తే అది అభిమానం. రెండో భాషలోనూ అదే గొడవ చూపిస్తే అదొక న్యాయం. గైడు వదిలేసిన ఆ భాగమే మొత్తం వాదనకి దూలం. ఒక్కసారి అది పట్టుబడ్డాక పిల్ల ఊరుకోలేదు. మా బోథ్‌కి మహారాష్ట్ర పక్కనే. బజారుకి పోతే తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి అన్నీ చెవిన పడతాయి. “మరి గోండి గురించి గూడ ఒక పేరా రాయొచ్చు గద మామా?” అంది. నాలుగు పాయింట్ల బట్టీలోంచి ఈ ప్రశ్న చచ్చినా రాదు.

ఆ వెంటనే ఇంకోటి అడిగింది. “మరి నువ్వు ఆఫీసోల్లతోని ఫోన్ల వేరే తెలుగు మాట్లాడ్తవెందుకు?”

నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్ వచ్చిన మొదటి ఏడాదే ఎవరో నవ్వారని మార్చుకున్న భాష అది. ఇదిగో, ఈ రాతా అందులోనే ఉంది చూడండి. పదో తరగతి పాఠం నాకే పరీక్ష పెట్టిందన్నమాట :)

ఇదంతా బడిలో ఎక్కడ కుదురుతుంది, సిలబస్ ఎవడు పూర్తి చేస్తాడు అంటారని తెలుసు. నిజమే. పరీక్షలో అడగనిదాని కోసం పీరియడ్ ఖర్చు పెట్టమని టీచర్లకి చెప్పడం నాలాంటి వాడికి తేలికే. అందుకే పెద్ద సంస్కరణలేం అడగట్లేదు. పాఠానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ పేరా తీసేస్తే ఏమవుతుంది? దానికి గైడు ఉండదు, రెండు జవాబులొచ్చినా ఫర్వాలేదు. కాకపోతే ప్రతి జవాబుకీ పాఠంలోంచే రుజువు చూపించాలి. ఏమీ కాదు అని తేలినా మంచిదే, రచయిత అక్కడ కాస్త సాగదీశాడని పిల్లలు ధైర్యంగా చెప్పగలుగుతారు.

సారాంశం ఇవాళ చాట్‌జీపీటీ అర నిమిషంలో రాసి పెడుతుంది. పదేళ్ళు బడికి పంపి, పిల్లలకి నేర్పేది అదొక్కటే అయితే ఎట్లా? రేపు ఎవడో పంపిన వాట్సాప్ మెసేజీ చూసినా, నాయకుడి ఉపన్యాసం విన్నా, “ఏం చెప్పాడు”తో ఆగిపోకుండా “నన్ను ఇక్కడిదాకా ఎట్లా తెచ్చాడు” అని అడగగలగాలి. బడిలో దొరకకపోతే ఇంట్లో మనమైనా నేర్పాలి.

మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఈ ఆదివారం వాళ్ళ తెలుగు పుస్తకం తెరిచి, ఒక పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి చూడండి. కాకపోతే ఒక్కటి, తర్వాత వాళ్ళు మిమ్మల్ని అడిగేవాటికి సిద్ధంగా ఉండండి.