ఓటు లేకపోతేనేం, పోటీ చేస్తా!

హక్కు అడిగిన ఆడపిల్లకి మొదట దక్కే బిరుదు 'గయ్యాళి'. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అమెరికా లాయరు బెల్వా లాక్‌వుడ్ గుర్తొస్తుంది.

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన బెల్వా పద్నాలుగేళ్ళకే పంతులమ్మ అయింది. మగ పంతులుకిచ్చే జీతంలో సగమే చేతిలో పెట్టారు. ఇరవై రెండేళ్ళకి భర్త పోయాడు, ఒళ్ళో చిన్నపిల్ల. అందరిచేతా 'అయ్యో పాపం' అనిపించుకుంటూ కూర్చోలేదు. కాలేజీలో చేరి 1857లో డిగ్రీ తెచ్చుకుంది.

తరవాత వాషింగ్టన్‌లో లా చదివింది. 1873లో చదువు ముగిసినా పట్టా ఇవ్వలేదు. హోదా రీత్యా ఆ లా స్కూలుకి పెద్ద, దేశాధ్యక్షుడు గ్రాంట్. నేరుగా ఆయనకే ఉత్తరం రాసింది. పట్టా నడిచొచ్చింది! 1876లో సుప్రీంకోర్టు, ఆడవాళ్ళకి ఇక్కడ వాదించే అర్హత లేదంది. బెల్వా కాంగ్రెస్ సభ్యుల చుట్టూ తిరిగి, తిరిగి, 1879లో చట్టమే తెప్పించింది. ఆ కోర్టులో అడుగుపెట్టిన తొలి మహిళా న్యాయవాది అయింది. తను వెళ్ళి తలుపు వేసుకుందా? లేదు. మరుసటి ఏడాదే నల్లజాతి లాయరు శామ్యూల్ లోరీ పేరు అక్కడ ప్రతిపాదించింది.

1884లో దేశాధ్యక్ష పదవికి పోటీ చేసింది. ఆ ఎన్నికల్లో ఆడవాళ్ళకి ఓటే లేదు. నాకు ఓటు లేకపోవచ్చు, నాకు ఓటేయొద్దని చట్టంలో ఎక్కడుందని ఆమె వాదన. మగాళ్ళు గౌన్లు తొడుక్కుని వీధుల్లో ఊరేగి వెక్కిరించారు. అంతకన్నా నొప్పించేది ఇంకోటుంది. ఓటు హక్కు కోసం పోరాడుతున్న సుసాన్ ఆంథోనీ వంటివారే ఆమెని కాదని రిపబ్లికన్ పార్టీ వైపు నిలిచారు. ఓట్లు సుమారు నాలుగు వేలు. అయినా 1888లో మళ్ళీ నిలబడింది.

"ఓడిపోయిందిగా, ఏం సాధించింది?" అంటారు కొందరు. ఓట్లు లెక్కపెట్టి చూస్తే అంతే. కానీ ఆ నాలుగు వేలూ మగవాళ్ళు వేసినవి! ఒక ఆడది దేశాన్ని ఏలగలదని అంతమంది మగాళ్ళు కాగితం మీద ఒప్పుకోవడం చిన్న సంగతేం కాదంటాను నేను. డెబ్భై అయిదేళ్ళ వయసులోనూ, 1906లో, చెరొకీ తెగవారి తరఫున పోరాడి సుమారు 50 లక్షల డాలర్లు రాబట్టిందామె.

1917లో కన్నుమూసింది. దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు హక్కునిచ్చిన సవరణ వచ్చింది 1920లో. ఆ ఓటు ఆమె వేయనేలేదు.

మనింట్లో పిల్ల "ఎందుకు కూడదు?" అని ఎదురడిగితే, నోర్ముయ్ అనకండి. సరైన జవాబు మన దగ్గరుందో లేదో ముందు చూసుకుందాం.