ఉత్తరాంధ్ర ఆర్థిక స్థితిగతులు - జీవన వ్యయం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రానికి ఈశాన్య కొసన, ఒడిషా సరిహద్దును ఆనుకొని ఉన్నాయి. విశాఖపట్నం జిల్లా నుండి 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని కొన్ని భాగాలను కలిపి 1979 జూన్ 1న విజయనగరం జిల్లాను ఏర్పాటు చేశారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ రెండింటి నుండి పార్వతీపురం మన్యం జిల్లా వేరయింది. జనాభా లెక్కలు పాత జిల్లాల ప్రకారమే లభిస్తున్నందున ఈ వ్యాసంలో పాత రెండు జిల్లాల పరిధిని తీసుకోవడమైనది.

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభా సుమారు 27 లక్షలు, విజయనగరం జిల్లా జనాభా 23 లక్షలకు పైగా ఉన్నది. అక్షరాస్యత శ్రీకాకుళంలో దాదాపు 62 శాతం, విజయనగరంలో దాదాపు 59 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం. తలసరి ఆదాయంలో కూడా ఈ జిల్లాలు రాష్ట్రంలో తరచు చివరి వరుసలోనే ఉంటూ వచ్చాయి.

చౌక అనే మాట

"శ్రీకాకుళంలో బ్రతకడం చౌక" అని బయటి నుండి బదిలీపై వచ్చిన ఉద్యోగులు అనడం పరిపాటి. ప్రభుత్వ లెక్క కూడా ఆ మాటనే బలపరుస్తుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఇంటి అద్దె భత్యం కొరకు పట్టణాలను జనాభాను బట్టి ఎక్స్, వై, జడ్ అనే మూడు తరగతులుగా విభజించారు. విశాఖపట్నం వై తరగతిలోనిది. అక్కడ 2024 జనవరి నుండి మూలవేతనంలో 20 శాతం అద్దె భత్యం లభిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు జడ్ తరగతిలోనివి. ఇక్కడ 10 శాతం మాత్రమే. శ్రీకాకుళం నుండి విశాఖకు దూరం సుమారు వంద కిలోమీటర్లు, విజయనగరం నుండి అందులో సగమే.

అయితే ఇక్కడ చౌకగా దొరికేవి ఏవి? ఇంటి అద్దె, కూరగాయలు, పాలు, మనిషి కూలి. ఇవన్నీ స్థానికుల శ్రమతోనో, స్థానికుల ఆస్తితోనో ముడిపడినవి. గ్యాసు బండ, పెట్రోలు, సిమెంటు, మందుబిళ్ళ, ఫోను రీచార్జి వంటివి బయటి నుండి రావలసినవి. వాటి ధర విశాఖలో ఎంతో ఇచ్ఛాపురంలోనూ ఇంచుమించు అంతే. విద్యుత్తు ఛార్జీల పట్టిక రాష్ట్రమంతటికీ ఒకటే. కాబట్టి జీతం బయటి నుండి వచ్చేవారికి ఈ ప్రాంతం చౌక. ఇక్కడి కూలితోనే బ్రతికేవారికి ఆ చౌకదనం తమ రాబడి తక్కువగా ఉండడమే. తమకు తక్కువ వస్తున్నది కనుకనే ఎదుటివారికి చౌక. ఈ భేదాన్ని గమనించకుండా జిల్లాల మధ్య జీవన వ్యయాన్ని పోల్చడం సరికాదు.

నీరున్న నేల

వెనుకబాటు అనగానే కరవు సీమ గుర్తుకు వస్తుంది. ఇక్కడి సంగతి వేరు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా, సువర్ణముఖి, వేగావతి, చంపావతి, గోస్తని నదులు ఈ ప్రాంతంలో ప్రవహిస్తున్నాయి. రాయలసీమ జిల్లాలతో పోల్చితే వర్షపాతం ఎంతో మెరుగు. కాని నదులు చిన్నవి, కొండల నుండి వేగంగా దిగి రోజుల వ్యవధిలో సముద్రంలో కలుస్తాయి. నిలువచేసే జలాశయాలు ఆలస్యంగా వచ్చాయి. నాగావళిపై తోటపల్లి బ్యారేజీని 2015 సెప్టెంబరులో జాతికి అంకితం చేశారు. వంశధార జలాల విషయంలో ఒడిషాతో వివాదం తీర్చుటకు 2010లో ఏర్పడిన ట్రిబ్యునల్, నేరడి వద్ద బ్యారేజీకి అనుమతినిస్తూ 2017 సెప్టెంబరు 13న తీర్పు వెలువరించింది. అంతవరకు గొట్టా బ్యారేజీయే ఆధారం.

అందువల్ల చాలా గ్రామాలలో చెరువు కింద ఒక్క వరి పంటే నమ్మకమైన పంట. రెండవ పంటగా మొక్కజొన్న, అపరాలు, నువ్వులు వేస్తారు. మెట్టలో ఒకప్పుడు చోడి, గంటి ప్రధానంగా ఉండేవి; చోడి అంబలి పేదవాని పూటగడుపుగా ఉండేది. ఇప్పుడు అదే చోడి పట్నం దుకాణాలలో ఆరోగ్యాహారంగా బియ్యం కంటే ప్రియంగా అమ్ముడుపోవడం విచిత్రం.

ఒక ఎకరం వరి రైతు లెక్క చూడవచ్చు. 2025-26 ఖరీఫుకు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. ఈ ప్రాంతంలో వాడుకలో ఉన్న 80 కిలోల బస్తాకు అది సుమారు రూ.1,895 అవుతుంది. ఎకరానికి 25 బస్తాలు పండినవనుకుంటే మొత్తం రూ.47,380. ఇందులో నుండి దుక్కి, నాట్లు, ఎరువు, కోత, నూర్పు ఖర్చులు పోవాలి. కౌలు రైతయితే భూస్వామి వాటా కూడా పోవాలి.

ఇక వృద్ధాప్య పింఛను సంగతి. రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుండి దీనిని నెలకు రూ.4,000 చేసింది; ఏడాదికి రూ.48,000. అంటే ఎకరం భూమిపై ఒక పంట కాలమంతా కష్టపడిన రైతుకు ఖర్చులు పోకముందు వచ్చే మొత్తం, ఇంట్లోని ముసలితల్లి పింఛనుకు సమానం కాలేకపోతున్నది. గ్రామీణ ఉపాధి హామీ పథకంలో 2025-26లో రాష్ట్రానికి నిర్ణయించిన దినకూలి రూ.307, వంద దినాలు పూర్తిగా దొరికినా రూ.30,700 మాత్రమే. ఈ పథకం విజయనగరం జిల్లాలో 2006లో మొదటి విడతలోనే ప్రారంభమైంది, శ్రీకాకుళంలో 2007లో వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో 125 దినాల పనితో కొత్త చట్టం చేసింది. పింఛను పెద్దదని చెప్పుట ఇక్కడ ఉద్దేశం కాదు. పనిచేసే వయసువారి రాబడి ఎంత చిన్నదో తెలుసుకొనుటకే ఈ పోలిక.

ఉద్దానం

సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో జిల్లాలో కలిగిన ప్రాంతంగా దీనికి పేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్ని దాటినపుడు తోటలు నేలమట్టమయ్యాయి. వరి పోతే మరుసటి ఏడు మళ్ళీ వేసుకోవచ్చు. కొబ్బరి చెట్టు కూలితే కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకు ఆ కుటుంబం దేనితో బ్రతకాలి అన్నది నష్టపరిహారపు పట్టికలలో కనబడదు.

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమ వేలమందికి, ముఖ్యంగా స్త్రీలకు, పని కల్పిస్తున్నది. అయినా పిక్కలు పండించే రైతుకు ధరపై పట్టు లేదు. ఆఫ్రికా దేశాల నుండి దిగుమతి అయ్యే పిక్కలు స్థానిక ధరను అదుపు చేస్తున్నాయి. 80 కిలోల పిక్కల బస్తాకు రూ.16,000 ఇవ్వాలని 2023లో రైతులు ఆందోళన చేశారు.

ఈ ప్రాంతపు మరొక ఖర్చు మూత్రపిండాల వ్యాధి. దీనికి కారణం ఇదమిత్థమని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి నీరు తెచ్చే రూ.700 కోట్ల మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు రూ.10,000 పింఛను కూడా లభిస్తున్నది. చికిత్స ఉచితమే. కాని వారానికి రెండు మూడు సార్లు రోగి ఆసుపత్రికి వెళ్ళాలి, అతనితో ఒకరు తోడు వెళ్ళాలి. అంటే ఒక ఇంట్లో ఇద్దరి పని ఆగిపోతుంది. ఉచిత వైద్యం ఈ నష్టాన్ని పూడ్చలేదు.

పరిశ్రమలు

విజయనగరం జిల్లాలో గోగు పంట, దానిపై ఆధారపడిన గోనెసంచుల మిల్లులు ఒకనాడు పల్లెకూ పట్నానికీ ఆదాయమార్గం. గోగు కోసి, నీటిలో నానబెట్టి నార తీయడం ఎంతో శ్రమతో కూడిన పని. ప్లాస్టిక్ సంచుల రాకతో నారకు గిరాకీ తగ్గింది. ధాన్యానికి గోనెసంచులే వాడాలని 1987లో కేంద్రం చట్టం చేసినా పతనం ఆగలేదు. పొరుగున ఉన్న చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. నెల్లిమర్ల మిల్లు పలుమార్లు లాకౌటులకు గురైంది. గరివిడి పరిసరాలలోని మాంగనీసు, ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమ విద్యుత్తు ధరపై ఆధారపడి నడుస్తుంది. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కర్మాగారాలు ఉన్నాయి. పొందూరు ఖద్దరుకు దేశమంతటా పేరున్నది. పేరుకు తగిన రాబడి వడికే స్త్రీల చేతికి రాలేదు.

వలసలు

రాబడికీ ఖర్చుకూ మధ్య ఉన్న ఖాళీని ఈ ప్రాంత ప్రజలు వలసతో పూడ్చుకుంటున్నారు. ఇది కొత్తది కాదు. బ్రిటిషు వారి కాలంలో కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుండి రంగూనుకు ఓడలెక్కి పోయినవారు వేలమంది. 1942లో జపాను దాడితో వారిలో అనేకులు కాలినడకన తిరిగివచ్చారు. తరువాత ఖరగ్‌పూర్ రైల్వే, ఆపైన హైదరాబాదు, చెన్నై నగరాల భవన నిర్మాణం వీరికి గమ్యాలయ్యాయి. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న భవనం కూలి 61 మంది మరణించగా, మృతులలో ఈ జిల్లాల కూలీలు అనేకులు.

మత్స్యకారుల వలస మరొక రకం. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉన్నది, కాని మరపడవలు నిలుపుకొనే చేపలరేవు లేదు. అందువల్ల ఇక్కడి జాలరులు దేశానికి అవతలి కొసన ఉన్న గుజరాతులోని వేరావల్ చేరి అక్కడి పడవలపై కూలికి వేటాడుతారు. 2018 నవంబరులో అటువంటివారు కొందరు పాకిస్తాను అధికారులకు చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. 2020 కరోనా లాక్‌డౌనులో వేరావల్‌లో చిక్కుకున్న వేలాది మందిని బస్సులలో తీసుకురావలసి వచ్చింది.

2011 లెక్కలలో ప్రతి వెయ్యిమంది పురుషులకు శ్రీకాకుళంలో 1,015, విజయనగరంలో 1,019 మంది స్త్రీలు ఉన్నారు. దీనిని స్త్రీల ఉన్నతికి గుర్తుగా కొందరు వ్రాస్తారు. పురుషులు ఊరిలో లేకపోవడం కూడా ఇందుకు ఒక కారణమని చెప్పవలసి ఉంటుంది. బడిలో హాజరు పట్టీ చూసినవారికి ఈ సంగతి తెలుసు: సంక్రాంతి సెలవుల తరువాత కొన్ని పేర్ల ఎదురుగా వేసవి వరకు గైర్హాజరు గుర్తులే ఉంటాయి. చదువు ఉచితమైనా ఆ పిల్లలను అమ్మమ్మ దగ్గర ఉంచి పోషించే ఖర్చు తల్లిదండ్రులకు మిగలదు.

కొత్త పథకాలు, భూమి ధర

2014 రాష్ట్ర విభజన చట్టంలో ఉత్తరాంధ్ర, రాయలసీమలకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ పేర్కొనబడింది; దాని కింద జిల్లాకు ఏడాదికి రూ.50 కోట్ల చొప్పున కొన్నేళ్ళు నిధులు వచ్చాయి. లక్షల జనాభా గల జిల్లాకు అది మనిషికి సుమారు రెండు వందల రూపాయల మొత్తం. మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న, భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపనలు జరిగాయి. థర్మల్ విద్యుత్కేంద్రాల విషయంలో మాత్రం సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. తంపర భూములు, బీల పోతే పశువుల మేత, చేపలు, చెరువు నీరు అన్నీ కొనుక్కోవలసి వస్తుందన్నది అక్కడి ప్రజల వాదన. డబ్బు లెక్కలోకి రాని ఈ వనరులే ఈ ప్రాంత జీవన వ్యయాన్ని తక్కువగా ఉంచుతున్నవి.

భోగాపురం పరిసరాలలో భూమి ధరలు పెరిగాయి. భూమి ఉన్నవారికి ఇది లాభం. ఆ భూమినే కౌలుకు చేస్తున్నవారికి, అద్దె ఇంటివారికి పెరిగేది ఖర్చు మాత్రమే.