ఫోను ఎత్తారు సరే, ఏమడిగారు?

ముందు ప్రాణం మాట. ఇంట్లో ఎవరైనా పురుగుమందు తాగారని తెలిసినా, అనుమానం వచ్చినా హెల్ప్‌లైన్ నంబర్లు వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి. బండి ఆలస్యమయ్యేట్టుంటే దొరికిన ఆటోలోనో జీపులోనో ఎక్కించండి. కోడుమూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి 30 కిలోమీటర్లు దాటిన దారి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించి చూద్దాంలే అనుకుంటే ఆ గంట మళ్లీ చేతికి రాదు.

పోలీసు కేసవుతుందని దాచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరేగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క. శిక్షించకూడదు. వైద్యం, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు. ప్రభుత్వ ఉద్యోగి విధులకు అడ్డుపడేందుకు చేసే ప్రయత్నాన్ని మాత్రమే నేరంగా ఉంచారు. ఆసుపత్రిలో వివరాలు రాసుకుంటారు. రాసుకోనివ్వండి.

ఇక అంతకు ముందు ఘడియ సంగతి. మనిషి ఇంకా ఏమీ చేసుకోలేదు, చేతిలో ఫోనుంది. అప్పుడు చేయాల్సిన నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఇది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ సహా 20 భాషల్లో మాట్లాడొచ్చు, కాబట్టి ఆదోని గల్లీల్లో ఉర్దూ, కన్నడ మాట్లాడేవాళ్లకూ అక్కరకొస్తుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే వైద్యులకు కలుపుతారు. ఏర్పాటు మంచిదే, ప్రతి ఫోన్‌లో ఈ నంబర్ ఉండాల్సిందే. మా భయమల్లా నంబర్‌ను ఆసుపత్రి గోడకు రాయించి, చావు వార్తల కింద అచ్చువేసి, పని అయిపోయిందనుకునే ధోరణి గురించే. అవతలి గొంతు ఏం మాట్లాడుతోందో ఎవరు వింటున్నారు?

అమెరికాలో ఒకసారి విన్నారు. పరిశోధకుడు బ్రయన్ మిషారా బృందం 14 హెల్ప్‌లైన్ కేంద్రాలకు వచ్చిన 2,611 కాల్స్‌ను మధ్యలో కల్పించుకోకుండా విని, 2007లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో 1,431 కాల్స్‌ను పరిశీలిస్తే, 723 కాల్స్‌లో అడగాల్సిన అవసరం ఉన్నా చనిపోవాలన్న ఆలోచన ఉందా అని అవతలివారు అడగనే లేదు. దాదాపు సగం! శిక్షణా పర్యవేక్షణా ఉన్న చోటే ఇలా జరిగితే, మన దగ్గర అంతా సవ్యంగా ఉందని వినకుండానే నమ్మడం ఎట్లా?

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. అది అపోహ. నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టదని, పైగా మనిషికి కొంత ఊరట దొరుకుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ మన వైపు మనిషి పుస్తకం భాషలో చెప్పడు. 'ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయి' అని కోడుమూరు రైతు ఎవరూ అనరు. 'నాతో కాదప్పా ఇంక' అంటాడు. నిద్ర పట్టడంలేదంటాడు, గుండె దడంటాడు, ఉల్లి ధర గురించో బోరు ఎండిపోవడం గురించో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాడు. ఆ ఆగిన చోట పట్టుకోవాలి. 'చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా? ఇప్పుడు ఇంట్లో మందు ఉందా? పక్కన ఎవరున్నారు?' అని అడగాలి. అక్కడ 'ధైర్యంగా ఉండండి, పిల్లల మొహం చూసుకోండి' అన్నారంటే ఆ కాల్ దండగే. ఆ నీతి మాట అతనికి చుట్టాలందరూ అప్పటికే చెప్పి ఉంటారు.

ఆడవాళ్ల సంగతి ఇంకా చిక్కు. ఇంటికి ఒకటే ఫోను, అదీ మొగుడి జేబులో. ఒకటే గది, అత్త అక్కడే. ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇల్లయితే ఆ చోటూ ఇరుకే. ఎలాగో సందు చూసుకుని కాల్ చేసిన ఆమెకు 'మేమే మళ్లీ చేస్తాం' అంటే, ఆ కాల్ వచ్చేసరికి ఫోను ఎవరి చేతిలో ఉంటుందో! ఎప్పుడు చేయొచ్చు, వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెప్పాలి అని అడగకుండా తిరిగి కాల్ చేయడం సాయం కిందికి రాదు, ఆమెను ఇరికించడమే. సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోయిన కుటుంబాలదీ ఇదే బాధ. పది మంది పడుకునే గుడారంలో గుట్టు ఎక్కడిది?

తప్పంతా కౌన్సెలర్ మీద వేయడం న్యాయం కాదు. రాత్రంతా చావు మాటలు వినేవాళ్లకు పైన అనుభవజ్ఞులు, వారానికోసారి తమ మాట వినే మనిషి ఉండాలి. ఆ ఏర్పాటు ఖర్చుతో కూడినది, ప్రారంభోత్సవ ఫొటోలో కనబడనిది. అందుకే అడిగి తీసుకోవాలి. మొత్తం ఎన్ని లక్షల కాల్స్ వచ్చాయో చెబితే చాలదు. కర్నూలు జిల్లా నుంచి ఎన్ని వచ్చాయి, ఎన్ని మధ్యలో తెగాయి, ఎత్తడానికి ఎంతసేపు పట్టింది, వైద్యుడి దాకా ఎందరు చేరారు అన్నది మూడు నెలలకోసారి ప్రకటించాలి. పేర్లు తీసేసి కొన్ని కాల్స్‌ను బయటి నిపుణులతో వినిపించాలి.

అవన్నీ జరిగేదాకా ఆగే వ్యవధి మనకు లేదు. ఫోన్ చేసేవాళ్లు మొదటి మాటలోనే 'నాకు చావాలనిపిస్తోంది' అని చెప్పండి, చుట్టూ తిప్పొద్దు. అవతలి మాట మనసుకు పట్టకపోతే పెట్టేసి మళ్లీ చేయండి, వేరొకరు పలకొచ్చు. ఇంటివాళ్లు నంబర్ చేతికిచ్చి పక్కకు పోకండి. దగ్గరే కూర్చోండి, రాత్రి ఒంటరిగా పడుకోనీయకండి. పత్తి చేనుకు తెచ్చిన మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ రోజే తీసుకుపోయి నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర తాళం వేయించండి, తాళంచెవి కూడా వాళ్ల దగ్గరే ఉంచండి.