బిగుతు గ్లోవ్స్‌తో వేళ్లకే ముప్పు

చేతివేళ్లకు రక్తం సరిగా అందని మనిషికి చలికాలంలో ఇంట్లోవాళ్లు చేసే మొదటి సాయం గ్లోవ్స్ కొనిపెట్టడం. కొనేది తప్పుడు రకమైతే ఆ సాయమే కీడు చేస్తుంది. వేళ్లకు అతుక్కుపోయేంత బిగుతుగా ఉన్నవి, మణికట్టు దగ్గర ఎలాస్టిక్ పట్టేసేవి, పెట్టె మీద ‘థర్మల్’ అని రాసి ఉంటే చాలనుకుని కొన్నవి అసలే సన్నబడిన రక్తనాళాలను ఇంకా నొక్కుతాయి. గ్లోవ్స్ వేసినా వేళ్లు చల్లగానే ఉన్నాయని ఆ తర్వాత వేడినీళ్ల సంచీ చేతికిస్తాం, నెగడు దగ్గర కూర్చోబెడతాం. మొద్దుబారిన చేతికి కాలుతున్నట్టు తెలియదు. తెల్లారేసరికి బొబ్బలు. రక్తం అందని వేలికి పడ్డ పుండు త్వరగా మానదు, ముదిరితే వేలే తీసేయాల్సి రావచ్చు. ఈ చలికాలంలో గ్లోవ్స్ కొనబోయే ప్రతి కుటుంబమూ ఈ సంగతులు తెలుసుకున్నాకే దుకాణానికి వెళ్లాలి.

ఇది ఎవరి సమస్యో ముందు గుర్తించాలి. చలి తగలగానే వేళ్లు సుద్దముక్కలా తెల్లబడి, తర్వాత నీలం తిరిగి, వెచ్చబడ్డాక ఎర్రగా మండే స్థితిని 1862లో ఫ్రాన్స్ వైద్యుడు మోరిస్ రేనో వివరించాడు. ఆయన పేరు మీదే దాన్ని రేనాడ్స్ అంటున్నారు. చిన్న వయసు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే మామూలు రేనాడ్స్ ఇబ్బంది పెడుతుందే తప్ప చాలామందికి ప్రమాదం చేయదు. కానీ స్క్లీరోడెర్మా, లూపస్ లాంటి జబ్బుల వెంట వచ్చే రేనాడ్స్ వేలికొనల మీద పుళ్లు పడేదాకా వెళుతుంది. బీడీలు, సిగరెట్లు తాగే మగవాళ్లకు నడివయసు రాకముందే చేతులు, కాళ్లలోని చిన్న రక్తనాళాలు పూడుకుపోయే బర్జర్స్ వ్యాధి ఇంకో రకం. గ్రానైట్ క్వారీల్లో ఏళ్ల తరబడి డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్నవారికి ఆ అదురుకు వేళ్ల నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో చాలామందికి స్పర్శ తగ్గిపోతుంది. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా వేయించుకున్నవారిలో కొందరికి ఆ చేతివేళ్లకు రక్తం తగ్గి అవి చల్లబడతాయి. వీళ్లెవరూ చలిని మిగతావాళ్లలా తట్టుకోలేరు. వీరికి గ్లోవ్స్ ఎంపిక వైద్యంలో భాగమే.

గ్లోవ్స్ వేడిని పుట్టించవు. వేళ్లలో వేడి పుట్టించేంత కండ లేదు, వాటికి వెచ్చదనం రక్తంతోనే వస్తుంది. ఖాళీ ఫ్లాస్కులో చన్నీళ్లు పోసి మూత బిగిస్తే వేడినీళ్లు కానట్టే, రక్తం ఆగిపోయి చల్లబడ్డ వేళ్లకు ఎంత మందం గ్లోవ్ తొడిగినా చల్లదనమే లోపల నిలుస్తుంది. ఒళ్లు చల్లబడుతోందని తెలియగానే శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి ముందుగా వేళ్లకు వెళ్లే రక్తాన్నే తగ్గిస్తుంది. అందుకే చేతులు వెచ్చగా ఉండాలంటే ఛాతీ, మెడ, తల వెచ్చగా ఉండాలి. లోపల బనియన్, పైన స్వెటర్, మెడకు మఫ్లర్, తలకు టోపీ లేకుండా చేతులకు మాత్రం ఖరీదైన గ్లోవ్స్ వేస్తే డబ్బు దండగ. ఇంకో మాట. గ్లోవ్స్ గుమ్మం దాటాక వేసుకునేవి కావు. ఇంట్లో చేతులు వెచ్చగా ఉన్నప్పుడే తొడుక్కుని బయటికి అడుగు పెట్టాలి.

దుకాణంలో మొదట చూడాల్సింది మందం కాదు, వదులు. గ్లోవ్ తొడుక్కుని పిడికిలి బిగించి చూడాలి. వేళ్ల మీద గుడ్డ లాగినట్టు ఉంటే ఆ సైజు పనికిరాదు. లోపల వేళ్లు ఆడించడానికి చోటుండాలి, ఆ చోటులో నిలిచే గాలే వెచ్చదనాన్ని కాపాడుతుంది. పది నిమిషాలు ఉంచి తీసేశాక చర్మం మీద కుట్ల అచ్చులు, మణికట్టు చుట్టూ గీత కనిపిస్తే పక్కన పెట్టేయండి. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ ఉన్నవాటికంటే పొడవైన అంచుతో చొక్కా చేతుల మీదికి వచ్చేవి మేలు. ఉంగరాలు తీసేసి తొడుక్కోవాలి. మన ఆడవాళ్లు గాజుల మీద నుంచే గ్లోవ్ లాగేస్తుంటారు, అది మణికట్టును నొక్కుతుంది. గాజులు పైకి జరపాలి, లేదా బయటికి వెళ్లేటప్పుడు తీసి పెట్టాలి.

ఐదు వేళ్లూ విడివిడిగా ఉండే గ్లోవ్స్ కంటే, బొటనవేలు ఒక్కటీ వేరుగా, మిగతా నాలుగూ ఒకే అరలో ఉండే మిటెన్స్ ఎక్కువ వెచ్చగా ఉంటాయి. వేళ్లు ఒకదాని వేడిని ఒకటి పంచుకుంటాయి, చలిగాలి తగిలే మేర తగ్గుతుంది. రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారికి అన్నిటికంటే మంచి పద్ధతి రెండు పొరలు. లోపల పల్చటి ఉన్ని లేదా పట్టు గ్లోవ్స్, పైన గాలి చొరబడని వదులైన మిటెన్స్. తాళం తీయాలన్నా, డబ్బులు లెక్కపెట్టాలన్నా పైపొర తీస్తే సరిపోతుంది, వేళ్లు పూర్తిగా చలికి బయటపడవు. అయితే రెండో పొర పడుతుందో లేదో మొదటి పొర వేసుకునే చూడాలి. సరిపోని గ్లోవ్ మీద ఇంకోటి ఇరికిస్తే ఒక్క పొర కన్నా హాని.

నూలు గ్లోవ్స్ మన వాతావరణంలో హాయిగానే ఉంటాయి కానీ చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతాయి. తడి గుడ్డ పొడి గుడ్డ కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ఉన్ని కొంత తడిసినా వెచ్చదనం వదలదు. ఫ్లీస్ త్వరగా ఆరుతుంది. తడిసిన గ్లోవ్స్‌తో రక్తప్రసరణ తక్కువున్న మనిషి అరగంట కూడా గడపకూడదు. సంచీలో ఇంకో జత ఎప్పుడూ ఉండాలి.

పెట్టె మీది రాతల విషయంలో జాగ్రత్త. ‘రక్తప్రసరణ పెంచుతుంది’ అని అమ్మే గ్లోవ్స్‌లో చాలావరకు కీళ్లనొప్పుల కోసం చేతిని నొక్కి ఉంచడానికి తయారైనవి. కీళ్లవాతం ఉన్న కొందరికి ఆ ఒత్తిడి ఉపశమనం ఇవ్వొచ్చు. రక్తనాళాలే పూడుకుపోయిన చేతికి అదే ఒత్తిడి విషం. డాక్టరు చూసి సరే అంటే తప్ప వాటి జోలికి వెళ్లొద్దు. అయస్కాంతాలు, రాగి దారాల పేరు చెప్పి రెండింతల ధర అడిగేవాటికి డబ్బు పెట్టే బదులు, అదే డబ్బుతో రెండు జతల వదులైన ఉన్ని గ్లోవ్స్ కొనుక్కోవచ్చు.

బ్యాటరీతో వేడెక్కే గ్లోవ్స్, జేబులో పెట్టుకునే హీట్ ప్యాక్‌లు సరిగా వాడితే ఉపయోగమే. వాడకం తప్పితే ఇవే అన్నిటికంటే ప్రమాదం. 44 డిగ్రీల వేడి చేతికి హాయిగానే అనిపిస్తుంది. ఆ వేడి అదే చోట ఆరు గంటలు తగిలితే చర్మం కాలిపోతుంది. స్పర్శ బాగున్న మనిషి మధ్యలో చేయి తీసేస్తాడు. షుగర్ వల్లో, కుష్ఠు వల్లో నరాలు దెబ్బతిన్న మనిషికి కాలుతోందన్న కబురు మెదడుకు చేరదు. కాబట్టి హీట్ ప్యాక్ చర్మానికి నేరుగా తగలకూడదు, మధ్యలో గుడ్డ ఉండాలి. బ్యాటరీ గ్లోవ్స్ కనిష్ఠ స్థాయిలోనే వాడాలి. వేసుకుని నిద్రపోకూడదు. స్పర్శ పోయినవారు వీటిని వాడకపోవడమే క్షేమం. విమాన ప్రయాణంలో విడి లిథియం బ్యాటరీలు చెక్‌ఇన్ సామానులో పెట్టకూడదు, వెంట ఉంచుకునే సంచీలోనే తీసుకెళ్లాలి.

కాపడానికీ ఇదే నియమం. నీళ్ల వేడి చూడాల్సింది జబ్బుపడ్డ చేయి కాదు, ఇంట్లో స్పర్శ బాగున్న మనిషి మోచేయి. ఏజెన్సీ పల్లెల్లో, ఆదిలాబాద్ వైపు చలి ముదిరిన రాత్రుల్లో నెగడు చుట్టూ కూర్చోవడం తరతరాల అలవాటు. మొద్దుబారిన వేళ్లను మంటకు దగ్గరగా చాపవద్దు. నిప్పుల కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

చికాగోలోనో టొరంటోలోనో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి డిసెంబరులో వెళ్లే తల్లిదండ్రులు ఇక్కడి చలిని లెక్కలో పెట్టుకుని సామాను సర్దుతారు. అక్కడి లెక్క వేరు. గాలితో కలిపి చలి మైనస్ 28 డిగ్రీలకు దిగితే గ్లోవ్స్ లేని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. రక్తప్రసరణ తక్కువున్న పెద్దవాళ్లకు అంత సమయం కూడా దొరకకపోవచ్చు. ఇక్కడ బైకు మీద వేసుకునే గ్లోవ్స్ అక్కడ పనికిరావు. పిల్లలు ముందే మిటెన్స్ కొనిపెట్టి, విమానాశ్రయానికి వాటితోనే రావాలి. ఫోన్ తీయడానికి చేయి బయట పెట్టనివ్వకండి. వేలు తెల్లబడి, గట్టిపడి, స్పర్శ పోతే రుద్దకూడదు, హీటరు ముందు పెట్టకూడదు. మళ్లీ చలిలోకి వెళ్లే అవసరం లేదని ఖాయమయ్యాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కరిగిన వేలు మళ్లీ గడ్డకడితే నష్టం రెట్టింపు.

మన ఊళ్లలోనూ మంచు కురవకుండానే వేళ్లు మొద్దుబారే పనులున్నాయి. తెల్లవారుజామున బైకు మీద పాలు, పేపర్లు వేసే కుర్రాళ్లకు ఎదురుగాలే శత్రువు. వాళ్లకు కావాల్సింది గాలి ఆపే పైపొర. కోస్తాలో రొయ్యల ప్లాంట్లలో, పీలింగ్ షెడ్లలో పనిచేసే ఆడవాళ్ల చేతులు గంటల తరబడి ఐసు నీళ్లలో ఉంటాయి. పల్చటి రబ్బరు గ్లోవ్స్ తడిని ఆపుతాయి కానీ చలిని ఆపవు. లోపల పొడి ఉన్ని పొర, అది తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత, మధ్యమధ్యలో చేతులు వెచ్చబరచుకునే విరామం యజమానులు ఇవ్వాల్సిందే. వేళ్లు తెల్లబడుతున్నాయని చెప్పిన కూలీని ఐసు పని నుంచి వేరే పనికి మార్చాలి. గ్లోవ్స్ ధర కూలిలో కోయకూడదు. క్వారీల్లో డ్రిల్లు పట్టేవారి విషయంలోనూ యజమానుల బాధ్యత ఇంతే.

బీడీ, సిగరెట్, చుట్ట మానకుండా గ్లోవ్స్‌తో చేతులు వెచ్చబరచుకోవాలనుకుంటే కుదరదు. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. బర్జర్స్ వ్యాధి ఉన్నవారు పొగాకు పూర్తిగా మానకపోతే ఏ మందూ వేళ్లను నిలబెట్టలేదు. బీపీకీ గుండెకీ వాడే ప్రొప్రనలాల్, అటెనలాల్ లాంటి మాత్రలు, తలనొప్పికి వాడే కొన్ని మందులు, జలుబుకు ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రలు చేతులను ఇంకా చల్లబరచవచ్చు. అలాగని వాటిని సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం. చేతులు చల్లబడుతున్న సంగతి మందు రాసిన డాక్టరుకు చెప్పండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే గ్లోవ్స్ గురించి ఆలోచించే సమయం కాదు. ఒక చేయి ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, విపరీతమైన నొప్పితో మొద్దుబారితే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. ముఖ్యంగా గుండె లయ తప్పే జబ్బున్నవారికి ఈ ముప్పు ఎక్కువ. సుమారు ఆరు గంటల్లో రక్తం తిరిగి అందకపోతే చేయి దక్కడం కష్టం. కాపడం, మర్దన, గ్లోవ్స్ అంటూ ఆలస్యం చేయకుండా రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి చోట్ల ఇంటింటికీ తెలిసిన డయాలసిస్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఫిస్టులా ఉన్న చేతికి మణికట్టు దగ్గర బిగుసుకునే గ్లోవ్ వేయనే వద్దు, ఒత్తిడికి ఫిస్టులా మూసుకుపోవచ్చు. ఆ చేతివేళ్లు చల్లబడి నొప్పి పుడితే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. వేలికొన మీద పుండు, నల్లబడ్డ చర్మం, ఒక చేతికే వచ్చే రంగుమార్పు, ముప్పై దాటాక మొదటిసారి మొదలైన రేనాడ్స్, దాంతోపాటు చర్మం గట్టిపడటం లేదా కీళ్లవాపు ఉంటే రుమటాలజిస్టును కలవాలి. రక్తనాళాలను వదులు చేసే మందులున్నాయి, ముందుగా మొదలుపెడితే వేళ్లు నిలుస్తాయి.

దుకాణదారులకు ఒక మాట. కస్టమర్ రక్తప్రసరణ సమస్య ఉందని చెబితే బిగుతు గ్లోవ్స్ అంటగట్టకండి. వదులు సైజు చూపించండి, తొడిగి చూసుకోనివ్వండి, సరిపోకపోతే మార్చి ఇవ్వండి. ఇంట్లోవాళ్లకు మరో మాట. అమ్మకో నాన్నకో కొన్న గ్లోవ్స్‌ను ఈ రాత్రే తొడిగించి పిడికిలి పట్టించి చూడండి. మణికట్టు చుట్టూ గీత పడితే రేపే మార్చేయండి. ముందు వదులు, తర్వాత పొడి, ఆ తర్వాతే మందం. ఈ వరుస తప్పకండి. వేలి రంగు మారితే గ్లోవ్స్ మార్చి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి.