ఫ్లాపీలను ఉల్లిపాయలకు ఇచ్చేయకండి

నరసన్నపేట వాసులకు, చుట్టుపక్కల ఊళ్లవారికి విన్నపం.

పాత ఇనప సామాన్లకు ఉల్లిపాయలిస్తామని వీధిలో కేక వినబడగానే చాలా ఇళ్లలో అటక మీది పాత కంప్యూటర్ కిందికి దిగుతోంది. దించండి, తప్పులేదు. కానీ దాని పక్కనున్న ఫ్లాపీల డబ్బాను, కంప్యూటర్లోని ఫ్లాపీ డ్రైవ్‌ను మాత్రం ఇవ్వకండి.

1990లలో డీటీపీ సెంటర్లలో కొట్టిన తెలుగు చాలావరకు ఫ్లాపీల్లోకే ఎక్కింది. జాతర సావనీర్లు, కాలేజీ పత్రికలు, సొంత డబ్బుతో వేసుకున్న కవితల పుస్తకాలు, పెద్దల నోట విని రాసుకున్న తప్పెటగుళ్ల పాటలు, జముకుల కథలు ఏ డబ్బాలో ఉన్నాయో ఎవరికి తెలుసు? అచ్చు ప్రతులు చెదలకు పోతాయి. ఒక ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లే. ఇప్పటి ఫోనులో తీసిన ఒక్క ఫొటోకి కూడా అది చాలదు, కానీ ఒక నవల మొత్తం అందులో ఇమిడిపోతుంది.

జపాన్‌లో సోనీ కంపెనీ 2011లోనే ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. కాబట్టి ఉన్న ఫ్లాపీలను, వాటిని చదివే డ్రైవ్‌లను శుభ్రం చేసి బతికించుకోవాలి. మనది సముద్రపు గాలి తగిలే నేల. 2018లో తిత్లీ తుపానుకు తడిసిన ఇళ్లెన్నో. అలాంటి చోట ఫ్లాపీ లోపలి పల్చటి బిళ్లకు బూజు పడుతుంది. డ్రైవ్‌లో ఆ బిళ్ల నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది. చదివే హెడ్‌లు రెండువైపులా దాన్ని తాకుతూనే ఉంటాయి. బూజు హెడ్‌కు అంటుకుందా, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీకేస్తుంది.

ఆ పొరపాటు నేను చేశాను. బూజు పట్టినది ఒకటి పెట్టి, అది చదవకపోతే హెడ్ తుడవకుండానే మరో రెండు పెట్టాను. రెండింటి మీదా గుండ్రంగా గీతలు పడ్డాయి. వాటిలో మా మేనమామ పాటలున్నాయి. ఆయన ఇప్పుడు లేరు.

పని కష్టమైనది కాదు, ఓపికతో చేయాల్సింది. డ్రైవ్ పైమూత విప్పి దుమ్ము ఊదాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని కొస ఉన్న పుల్లతో హెడ్‌లు తుడవాలి. శానిటైజర్ పనికిరాదు. పై హెడ్ సన్నని రేకు మీద వేలాడుతుంది, ఎక్కువ ఎత్తితే వంగిపోతుంది. హెడ్ జారే కడ్డీ మీద గట్టిపడిన గ్రీజు తుడిచి, కొత్తది రవ్వంత రాయాలి. కొబ్బరినూనె మాత్రం వద్దు.

నేను అడిగేది ఇది. మన ఊరి గ్రంథాలయంలో ఒక బల్ల, దాని మీద శుభ్రం చేసిన డ్రైవ్ ఉన్న ఒక పాత కంప్యూటర్ పెట్టించాలి. ఐటీఐ, డిగ్రీ విద్యార్థులు వారానికో పూట కూర్చుంటే చాలు. ఫ్లాపీకీ ఫ్లాపీకీ మధ్య హెడ్ తుడవడం వాళ్లకు మొదటి రోజే నేర్పాలి. అప్పటి డీటీపీల్లో వాడిన అను ఫాంట్లలో కొట్టిన ఫైలు తెరిస్తే ఇప్పుడు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. పాడైందనుకోకండి, యూనికోడ్‌లోకి మారిస్తే తెలుగు తిరిగొస్తుంది.

కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, పాత పత్రికల్లో చెదిరిపోయిన కథలను ఒక గూటికి చేర్చారు. ఆ జిల్లా మనది. ఫ్లాపీల్లో కథలు దొరికితే, రాసినవారు ఒప్పుకుంటే, ఒక ప్రతి అక్కడికి పంపుదాం. ఇంటి లెక్కలు, ఉత్తరాలు ఉంటే అవి మీవే, ఎవరికీ చూపించం.

అంతవరకూ మీరు చేయవలసింది కొంచెమే. ఫ్లాపీలను ఎండ తగలని పొడిచోట ఉంచండి. ఎక్కడైనా పెట్టి చూసినప్పుడు ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగితే, వద్దనే నొక్కండి. పైన అంటించిన చీటీ పీకకండి. దాని మీది చేతిరాత ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లను ఈ రోజే అడిగి, వేరే కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి.